ట్రంకు పెట్టెతో మూడు మైళ్ళు

మా చిన్నాన్న పోయిన వారం కోరాపుట్‌లో కన్నుమూశాడు. ఎనభై మూడేళ్ళు. ఆసుపత్రుల్లో నర్సుగా జీవితమంతా గడిపినదాన్ని, చావు నాకు కొత్త కాదు. ఎందరి కళ్ళు నా వేళ్ళతో మూశానో లెక్క లేదు. అయినా ఆ పొద్దున అందరికీ కబురు చెప్పడానికి ఫోను తీస్తే నంబరు నొక్కడం చేతకాలేదు.

చిత్రమేమిటంటే, ఎవరికి చెప్పినా ముందు "అయ్యో, డ్రాయింగు మాస్టారా!" అన్నారు. ఆ వెంటనే "మరి ఆ బండేమైందమ్మా?" అన్నారు. ఒకరు కాదు, ఇద్దరు కాదు, అందరూ అదే వరస. మనిషి పోయాడని చెబుతుంటే బండి సంగతి అడుగుతారేమిటని నాకు ఒళ్ళు మండింది. తరవాత ఆలోచిస్తే వాళ్ళ తప్పేమీ లేదనిపించింది. ఆయన్ని ఆ మోటారుసైకిలు లేకుండా చూసినవాళ్ళు మా ఊళ్ళో తక్కువ. దాని మీద ఎక్కి పోతుండగా కొందరు చూశారు, దాన్ని తోసుకుంటూ పోతుండగా అందరూ చూశారు. అడిగినవాళ్ళకి ఇక్కడే జవాబు చెబుతున్నాను. బండి ఉంది. షెడ్డులో ఉంది. దాని సీటు కింద మా తమ్ముడి కోళ్ళు గుడ్లు పెడుతున్నాయి.

మా తాతలు విజయనగరం వైపు నుంచి ఈ కొండల మీదికి ఉద్యోగాలకి వచ్చి ఉండిపోయిన క్రైస్తవులు. మా నాన్న కోరాపుట్‌లో సర్కారు గుమాస్తా. నాన్నకి తమ్ముడు మా చిన్నాన్న. ఒడియా బళ్ళో డ్రాయింగు చెప్పేవాడు. వారమంతా నల్లబల్ల మీద ఒడియాలో రాసి, ఆదివారం మా క్రైస్తవుల గుడి గోడ మీద తెలుగులో బైబిలు వాక్యాలు రాసేవాడు. మాట మాత్రం అచ్చంగా మా విజయనగరపు మాట. ఎన్నేళ్ళు ఎక్కడున్నా అది మారలేదు.

ఆ బండి ఒక ఎస్టేటు దొర దేశం విడిచి పోతూ అమ్ముకున్నది. నాలుగు చేతులు మారి, అయిదో చెయ్యిగా చిన్నాన్న దగ్గరికి వచ్చింది. దానికి 'దొరసాని' అని పేరు పెట్టాడు. పొద్దున్నే లేవదు, లేచినా ఒకరి మాట వినదు, వానంటే గిట్టదు. శనివారం సాయంత్రం దాని ప్లగ్గు విప్పి గరుకు కాగితంతో రుద్దుతూ, పసిపిల్లకి నలుగు పెడుతున్నంత ఓపికగా కూచునేవాడు. పెట్రోలు కొలవడానికి ఒక కానుగ పుల్ల ఉండేది. దాని మీద చాకుతో గాట్లు. ట్యాంకులో ముంచి తీసి, తడి ఎంతవరకు ఉందో చూసి, "సాలూరు దాకా ఎల్తాది, రావడానికి సాలదు" అనేవాడు. ఎక్కుడికి ఒక లెక్క, దిగుడికి ఇంకో లెక్క. ఆ పుల్ల తప్పు చెప్పగా నేను చూడలేదు.

ఇక నా సంగతి చెప్పాలి. డెబ్భైల చివర్లో నేను మెట్రిక్ పాసై, గుంటూరు వైపు ఒక మిషను ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి అర్జీ పెట్టుకున్నాను. నాకు తొమ్మిదేళ్ళప్పుడు మా ఆఖరి తమ్ముడు మలేరియాతో పోయాడు. సూది ఇచ్చే మనిషి కోసం నాన్న సైకిలు మీద ఊరంతా తిరిగి ఒంటరిగా వెనక్కి వచ్చాడు. ఆ రోజు నుంచి నాకు నర్సు కావడం తప్ప ఇంకో ఆలోచన లేదు. సీటు వచ్చింది. కానీ ఉత్తరం వానల్లో ఎక్కడెక్కడో తిరిగి గురువారం మా ఇంటికి చేరింది. సోమవారం ఉదయం పది గంటల్లోగా అసలు సర్టిఫికెట్లతో, ఫీజుతో హాజరు కావాలి. లేకపోతే ఆ సీటు జాబితాలో తరవాతి అమ్మాయికి పోతుంది.

అప్పుడు తుఫాను. ఘాటు రోడ్డు మీద కొండరాళ్ళు జారిపడి బస్సులు ఆపేశారు. కిందన రైలు పట్టాలు నీళ్ళలో ఉన్నాయి. నాన్న ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "వచ్చే యేడు సూద్దాంలే అమ్మీ" అన్నాడు. నేను లోపలికి పోయి గోడ వైపు తిరిగి కూచున్నాను.

సాయంత్రం చిన్నాన్న వచ్చి విషయం విన్నాడు.

"వచ్చే యేడు ఆల్లు మల్లా పిలుస్తారని నీకెవుడు సెప్పేడు అన్నాయ్? రాల్లు పడితే బస్సుకి అడ్డం గానీ నా దొరసానికేటి? పక్కనించి తోసుకుపోతాం. అమ్మిని నేనట్టుకెల్తాను."

"ఆ బండి బజారు దాకా ఎల్తే మా గొప్ప," అంది అమ్మ. "ఆరొందల కిలోమీటర్లు పైమాటే బాబూ! నడిమజ్జిన ఆగిపోతేనో?"

"ఆగిపోద్ది వదినా. ఆగదని నేను సెప్పలేదు. ఆగితే బాగు సేస్తాను."

అమ్మ లేచి నా బట్టలు సర్దడం మొదలెట్టింది. బాగవుతుందని చెప్పి మోసం చేసేవాళ్ళు ఉంటారు. ఆగిపోతుందని ముందే చెప్పి బయల్దేరిన మనిషిని నేను ఆయన ఒక్కణ్ణే చూశాను. ఆసుపత్రిలో రోగులతో నేను మాట్లాడే తీరు అక్కడే నేర్చుకున్నాననుకుంటాను.

ఫీజు డబ్బు అమ్మ తన బైబిలు అట్ట లోపల పెట్టి చుట్టూ కుట్టేసింది. పెట్రోలుకి, తిండికి చిన్నాన్న జీతంలో మిగిలిన నోట్లు ఆయన చొక్కా జేబులో. నా బట్టలు రేకు ట్రంకు పెట్టెలో. దాని అంచులు గీసుకుపోతాయని అమ్మ పెట్టె చుట్టూ మా జిల్లా కొట్పాడ్ ఊళ్ళో నేసిన దుప్పటి, మందపాటి ఎర్రంచుది, రెండు మడతలు చుట్టి కట్టింది. ఆ దుప్పటే తరవాత కొంప ముంచింది.

శుక్రవారం తెల్లారగానే బయల్దేరాం. పొట్టంగి దాటాక రాళ్ళు పడ్డ చోటు వచ్చింది. రోడ్డు కూలీలు సాయం పట్టారు. బండిని ఎత్తుతూ దింపుతూ అవతలికి చేర్చేసరికి దాని కడుపులోకి నీళ్ళు పోయాయి. కూలీలు రాళ్ళ అవతలికి తమ పనికి వెళ్ళిపోయాక ఎన్నిసార్లు కిక్కు కొట్టినా ఉలుకూ పలుకూ లేదు. చిన్నాన్న ఎక్కి కూచున్నాడు. "నువ్వు యెనకనించి తొయ్యి. అంటుకోగానే గెంతి ఎక్కెయ్యాల. నేను ఆపలేను, ఆపితే మల్లా పడుకుంటాది" అన్నాడు.

తోశాను. చెప్పులు బురదలో కూరుకుపోతున్నా తోశాను. ఉన్నట్టుండి బండి అరిచి అంటుకుంది. నేను గెంతబోయాను, కాలు జారింది, మోకాళ్ళ మీద పడ్డాను. లేచి చూసేసరికి చిన్నాన్న మలుపు తిరిగిపోతున్నాడు. తల కొంచెం వెనక్కి తిప్పి, చెయ్యి ఊపుతూ ఏదో గట్టిగా మాట్లాడుతున్నాడు. ఎవరితో? నాతోనే!

"సిన్నాన్నా!" అని అరిచాను. ఆ వానలో, ఆ ఇంజను మోతలో ఎవరికి వినపడుతుంది?

ఒక్కదాన్నే ఉన్నాను. ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో. కొండ మీంచి దిగుతున్న ఒకావిడ, ఈ కొండల్లోని దేశియా గిరిజనురాలు, నన్ను చూసి ఆగింది. తలమీది ఆకుల గొడుగు సగం నామీదికి జరిపి, నా పక్కనే నిలబడిపోయింది. ఆమె భాష నాకు సగమే తెలుసు. ఎటు పోయాడో చేత్తో చూపించాను. ఆమె అటు చూసి పకపకా నవ్వింది. నేను ఏడవబోయి నవ్వేశాను. సీటు పోతుందన్న దిగులు కూడా ఆ కాసేపు మరిచిపోయాను.

జరిగిందేమిటంటే, రాళ్ళ మీద ఎత్తి దింపడంలో సీటు వెనక కట్టిన తాళ్ళు వదులై, బండి కదలగానే ట్రంకు పెట్టె ముందుకి జారింది. నేను కూచోవలసిన చోట అది కూచుంది. దుప్పటి చుట్టిన పెట్టె గతుకు గతుక్కీ వీపుకి మెత్తగా తగులుతుంటే, నేనే వెనక ఉన్నానని ఆయన మూడు మైళ్ళు మాట్లాడుకుంటూ పోయాడు. సుంకి దగ్గర టీ కొట్టు ముందు ఆగి, ఇంజను ఆపకుండానే "రెండు టీలు" అన్నాడట. కొట్టువాడు ఇంకొకరెవరు బాబూ అని ఒడియాలో అడిగాడట. అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. పెట్టెని వెనక్కి నెట్టి బిగించి, బండి తిప్పాడు.

ఇంజను మోత మళ్ళీ ఘాటు ఎక్కి రావడం దూరం నుంచే వినిపించింది. ఆ ఎక్కుడు మీద ఆపితే ఇంజను ఆగిపోతుందని నా చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. మొహం తెల్లగా పాలిపోయింది. కళ్ళలో నీళ్ళో వాననీళ్ళో తెలియదు.

"నిన్నొగ్గేసి ఎల్లిపోనానే అమ్మీ! పెట్టి ఈపుకి తగుల్తంటే నువ్వే అనుకున్నాను. నానేటి మనిసిని! మీ అమ్మకి ఏటి సెప్పుకుందును?"

"ముందు నన్ను ఎక్కించుకో సిన్నాన్నా, టైమైపోతంది," అన్నాను. ఆవిడ ఆకుల గొడుగు పక్కన పెట్టి, బండి వెంట పరిగెత్తి, నన్ను వెనకనుంచి ఎత్తి సీటు మీద వేసింది. ఆవిడ పేరు కూడా అడగలేదు. ఇన్నేళ్ళుగా ప్రార్థనలో ఆమెని 'గొడుగు తల్లి' అనే తలుచుకుంటున్నాను.

కాస్త కుదుటపడ్డాక, "ఏటి సెప్పేవు ఇందాకా? చెయ్యూపుతూ తెగ మాటాడేవు," అని అడిగాను.

"హాస్టల్లో ఎలాగుండాల, ఏటి సెయ్యాల, అన్నీ సెప్పేసేను. మనసులోదంతా సెప్పేసేను."

"నేను వినలేదు కదా, మళ్ళా సెప్పు."

ఆయన ముందుకి వంగి రోడ్డు కేసి చూస్తూ రెండు మలుపులు తిప్పాడు. తరవాత, "అలాటివి రొండోసారి రావే అమ్మీ. ట్రంకు పెట్టినడుగు," అన్నాడు.

అక్కణ్ణుంచి మొదలైంది ఆయన కొత్త అలవాటు. ప్రతి మలుపుకీ, ప్రతి గతుక్కీ, "అమ్మీ, ఉన్నావేటి?" నేను "ఉన్నాను" అనాలి. అనకపోతే బండి నెమ్మదించేది. అనకాపల్లి బజారులో జనం మధ్యనుంచి పోతూ కూడా "ఉన్నావేటి?" అని కేకేస్తే బెల్లం బళ్ళ వాళ్ళు తిరిగి చూశారు. సిగ్గుతో చచ్చాను. ఒకసారి విసుగొచ్చి వీపు మీద గిల్లాను. "ఆఁ, ఉన్నావు," అన్నాడు తృప్తిగా.

శనివారం మధ్యాహ్నం, తునికి ఇంకా దూరం ఉండగా, దొరసాని దగ్గింది, చీదింది, ఆగిపోయింది. పుల్ల ముంచి చూస్తే పెట్రోలు ఉంది. ప్లగ్గులో నిప్పు లేదు. రెండు మైళ్ళు తోసుకుపోతే ఒక రేకుల షెడ్డు, అందులో ఒక మెకానిక్. కాయిల్ కాలిపోయింది, పాతది ఒకటి ఉంది వేస్తానన్నాడు. మెకానిక్ అడిగిన సొమ్ము ఇచ్చేస్తే ఇక పెట్రోలుకి మిగలదు.

"బైబిలు కుట్టు విప్పుదాం సిన్నాన్నా," అన్నాను.

నామీద ఆయన కోప్పడటం అదే మొదలు, అదే ఆఖరు. "అది నీది కాదు, నాది కాదు. ఆస్పత్రిది. దాని జోలికి పోకు."

షెడ్డుకి బోర్డు లేదు. చిన్నాన్న అటూ ఇటూ చూసి, "బోర్డు రాసిస్తాను, కాయిల్ ఏస్తావేటి?" అని అడిగాడు. మెకానిక్ గోదావరి మనిషి, మర్యాదస్తుడు. "రంగుంది గానండీ, రాసేవోళ్ళే లేరండి మేష్టారూ" అన్నాడు. ఒకరు బండి మీద వంగారు, ఇంకొకరు రేకు మీద వంగారు. నేను ట్రంకు పెట్టె మీద కూచుని ఎండ ఎంత దిగిందో చూస్తూ, సోమవారం పది గంటలకి ఎన్ని గంటలుందో వేళ్ళ మీద వేసుకుంటున్నాను.

'ఇచ్చట మోటారు సైకిళ్ళు రిపేరు చేయబడును.' ముత్యాల్లాంటి అక్షరాలు. మెకానిక్ దగ్గరికొచ్చి చూసి, "ఈ అచ్చరం ఏంటండీ?" అన్నాడు. రిపేరులో మొదటి అక్షరం ఒడియాలో ఉంది! రోజూ బల్ల మీద ఒడియా రాసీ రాసీ, చెయ్యి దాని దారిన అది పోయి ఒడియా వాళ్ళ గుండ్రటి 'రి' రాసేసింది. చిన్నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "అది... మా కోరాపుట్ 'రి' బాబూ. సెరిపేస్తానుండు," అన్నాడు.

"ఉంచెయ్యండి, ఉంచెయ్యండి," అన్నాడు మెకానిక్. "అదేంటో చూద్దారని ఆగినోడు పనిచ్చిపోతాడండి."

ఆదివారం ఒక పల్లెలో గుడి కనిపిస్తే చిన్నాన్న దాటిపోలేకపోయాడు. అలాగని ఇంజను ఆపడానికీ ధైర్యం లేదు. మెట్ల దగ్గర బండిని పట్టుకుని నిలబడి, అది గుడగుడమంటుండగానే కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నాడు. లోపల్నుంచి ఒక ముసలాయన బయటికొచ్చి కోపంగా చూసి, మా అవతారాలు చూసి, రెండు అరటిపళ్ళు ఇచ్చి పోయాడు. రాజమండ్రిలో రైళ్ళు నడుస్తున్నాయని తెలిసింది. నేను రైలెక్కుదామన్నాను. "ఇంతదూరం మోసినదాన్ని ఇక్కడొగ్గేసి ఎలాగెల్తామే? దానికి మనసుండదేటి?" అన్నాడు. నిజం చెప్పొద్దూ, దానికి మనసుండే మాట ఎలా ఉన్నా, ఆయన జేబులో రెండు టిక్కెట్ల డబ్బు లేదని నాకు అప్పటికే తెలుసు.

సోమవారం పొద్దున పుల్ల చెప్పినట్టే పెట్రోలు ఆసుపత్రికి ఒక మైలు ముందు అయిపోయింది. తోసుకుంటూ పరిగెత్తాం. గేటు దగ్గరికి చేరేసరికి లోపల గడియారం పది కొట్టడానికి పన్నెండు నిమిషాలుంది. ఆఫీసులో పెద్ద సిస్టరుగారు మమ్మల్ని తల నుంచి కాళ్ళ దాకా చూసి, ఫీజు ఏదమ్మా అంది. నేను బైబిలు ఇచ్చాను. ఆవిడ ఒక్క మాటా అడగకుండా ట్రేలోంచి కత్తెర తీసి, అమ్మ వేసిన కుట్లు ఒక్కొక్కటే కత్తిరించింది. కుట్లు విప్పే కత్తెరని నేను చూడడం అదే మొదటిసారి. తరవాత అలాంటి కత్తెర పట్టినప్పుడల్లా నాకు అమ్మ దారమే గుర్తొచ్చేది.

వెళ్ళేటప్పుడు చిన్నాన్న నా తలమీద చెయ్యి పెట్టి, ఏదో చెప్పబోయి, ట్రంకు పెట్టె కేసి చూసి నవ్వి, వెళ్ళిపోయాడు. తిరిగి ఇంటికి చేరడానికి ఆయనకి పదకొండు రోజులు పట్టిందని అమ్మ ఉత్తరం రాసింది. పెట్రోలుకి డబ్బేదీ? దారి పొడుగునా బోర్డులు రాసుకుంటూ పోయాడు. సెలవు లేకుండా ఎగ్గొట్టినందుకు బడివాళ్ళు ఆ రోజుల జీతం కోశారు. ఆ సంగతి ఆయన నోటి వెంట నేనెప్పుడూ వినలేదు. తొలి సెలవులకి బస్సులో ఇంటికి వస్తుంటే కిటికీలోంచి చూశాను. ఒక టైర్ల కొట్టు మీద, ఒక కాఫీ హోటలు మీద, ఒక బార్బరు షాపు మీద తెలుగు అక్షరాల మధ్య గుండ్రంగా కోరాపుట్ 'ర'. ఇప్పుడు కావాలనే రాశాడన్నమాట! బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ, కళ్ళు తుడుచుకుంటూ వచ్చాను. రోడ్లు వెడల్పు చేసినప్పుడు ఆ కొట్లన్నీ పోయాయి.

తరవాత నాకు ఉద్యోగం రాయగడలో వచ్చింది, అక్కడే పెళ్ళి, పిల్లలు. చిన్నాన్న వచ్చినప్పుడల్లా అడిగేదాన్ని. పెళ్ళినాడు అడిగాను. నా మొదటి బిడ్డని ఆయన చేతుల్లో పెట్టి అడిగాను. "సుంకి దాకా ఏటి సెప్పేవు సిన్నాన్నా?" ఎప్పుడూ ఒకటే జవాబు. "ట్రంకు పెట్టినడుగు." మొదట్లో ఏడిపిస్తున్నాడనుకున్నాను. నిజంగానే మరిచిపోయాడేమో అని మధ్యలో అనుమానపడ్డాను. ప్రేమగా ఒక మాట ఎదురుగా చెప్పడం ఆయనకి చేతకాదని, వీపు వెనక ఉన్నాననుకున్నాడు కాబట్టే ఆ రోజు చెప్పగలిగాడని నాకు జుట్టు నెరిశాక గానీ అర్థం కాలేదు.

ఆఖరి రెండు వారాలూ నేను కోరాపుట్‌లో ఆయన మంచం పక్కనే ఉన్నాను. తమ్ముడు, అంటే చిన్నాన్న కొడుకు, నర్సుని పెడదామన్నాడు. "మరి నేనేంట్రా?" అన్నాను. ఆయన ఒళ్ళు తుడిచాను, పక్క మార్చాను, మందులు మింగించాను. ఆరొందల కిలోమీటర్లు తోసుకుపోయి నేర్పించిన పని, ఆయనకే చేశాను. చూపు మందగించింది, మాట తగ్గిపోయింది. కానీ గంటకోసారి కళ్ళు మూసుకునే అడిగేవాడు.

"అమ్మీ, ఉన్నావేటి?"

"ఉన్నాను సిన్నాన్నా."

పోయే ముందురోజు మధ్యాహ్నం కాస్త తెలివిలో ఉన్నాడు. గిల్లినట్టు చేతిమీద నొక్కి, మళ్ళీ అడిగాను, ఏటి సెప్పేవని. పెదవులు కదిలాయి. దగ్గరగా వంగాను. "ట్రంకు పెట్టినడుగు," అన్నాడు. నవ్వాడు కూడా. మర్నాడు పొద్దున నేను ఆయన చెయ్యి పట్టుకునే ఉన్నాను. ఆయన అడగలేదు. అడగకపోయినా చెప్పాను, రెండుమూడుసార్లు చెప్పాను.

సమాధుల తోటలో అంతా అయ్యాక రాయగడ వచ్చేశాను. ట్రంకు పెట్టె ఇప్పటికీ నా మంచం కిందే ఉంది. రంగు పోయింది, ఒక మూల సొట్ట. కొట్పాడ్ దుప్పటి మాత్రం ఎరుపు తగ్గకుండా అందులోనే ఉంది. నిన్న సాయంత్రం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టెని బయటికి లాగి, దుప్పటి తీసి అమ్మ కట్టినట్టే దాని చుట్టూ కట్టాను. నేలమీద కూచుని దానికి వీపు ఆనించాను. మెత్తగా తగిలింది. నిజమే, మనిషనే అనుకుంటాం. కాసేపు అలాగే ఉండి, "ఉన్నావేటి, సిన్నాన్నా?" అని అడిగాను.